చమురు బావి నీటిలో దొరికిన సూక్ష్మజీవి లోతులదేనా? తేల్చుకునే పద్ధతి

1926లో చికాగో విశ్వవిద్యాలయపు భూగర్భ శాస్త్రవేత్త ఎడ్సన్ బాస్టిన్, అక్కడే పనిచేసే బ్యాక్టీరియా శాస్త్రవేత్త ఫ్రాంక్ గ్రీర్ సాయంతో, ఇల్లినాయ్ చమురు బావుల నుంచి వచ్చిన నీటిలో సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చే బ్యాక్టీరియా బతికి ఉన్నట్టు చూపాడు. ఆ బ్యాక్టీరియా చమురు పొరలో మొదటినుంచీ ఉన్నదా, లేక బావి తవ్వినప్పుడు బురదతోనూ ఇనుప గొట్టాలతోనూ పైనుంచి దిగిందా అన్న సందేహం అప్పుడే పుట్టింది. దాదాపు వందేళ్లు గడిచినా, ఎవరు ఏ బావి నుంచి సీసాడు నీళ్లు తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టినా, మొదట జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న అదే. భూగర్భ శాస్త్రం, మైక్రోబయాలజీ చదువుతూ చమురు బావి నీటి మీద ప్రాజెక్టు చేయాలనుకునే వారికి, క్షేత్రంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన వారికి, ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పే క్రమాన్ని వివరించడానికే ఈ వ్యాసం. జీవిని కనుక్కోవడం ఇందులో తేలికైన భాగం. అది ఎక్కడిదో నిరూపించడమే కష్టమైనది, కనుక పని మొత్తాన్ని మొదటి రోజు నుంచే ఆ నిరూపణ చుట్టూ అమర్చుకోవాలి.

బావి దగ్గరకు వెళ్లేముందు

మొదటి పరీక్ష కాగితం మీదే జరుగుతుంది. చమురు పొర లోతు, అక్కడి ఉష్ణోగ్రత, నీటిలోని ఉప్పు, బావి చరిత్ర అనే నాలుగు వివరాలు చేతికి రాకుండా నమూనా తీయడం వృథా.

లోతు కన్నా ఉష్ణోగ్రత ముఖ్యం. ప్రపంచంలోని చమురు క్షేత్రాలను పోల్చి చూసినప్పుడు, పొర ఉష్ణోగ్రత సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట సూక్ష్మజీవులు చమురును తిన్న ఆనవాళ్లు దాదాపు కనిపించవు. అందుచేత «రెండు కిలోమీటర్ల లోతు» అన్న మాటకు ఒంటరిగా అర్థం లేదు. కిలోమీటరుకు 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుందనుకుందాం. ఉపరితలం దగ్గర 28 డిగ్రీలుండే మన కోస్తా నేలలో రెండు కిలోమీటర్ల కింద 88 డిగ్రీలుంటుంది. అడుగున నాలుగు డిగ్రీలే ఉండే ఉత్తర సముద్రంలో, సముద్రగర్భం కింద అంతే లోతున 64 డిగ్రీలుంటుంది. ఒకే లోతు, కానీ మొదటిచోట చమురు తినే జీవులకు దారి మూసుకుపోతుంది, రెండోచోట తెరిచే ఉంటుంది. ఈ లెక్క అంచనాకే పనికొస్తుంది. బావిలో దించిన థర్మామీటరు కొలత దొరికితే దానినే నమ్మాలి.

నేటి ఉష్ణోగ్రతతోనూ సరిపెట్టుకోకూడదు. ఒకప్పుడు లోతుగా పూడుకుపోయి 80, 90 డిగ్రీల వరకు వేడెక్కి, తరువాత నేల పైకి లేవడం వల్ల చల్లబడిన పొరలున్నాయి. ఇవాళ అక్కడ 50 డిగ్రీలే ఉన్నా, చాలాచోట్ల చమురు చెక్కుచెదరకుండా దొరుకుతుంది. పాలను కాచి క్రిములను చంపినట్టే భూమి ఆ పొరను ఒకసారి కాచి వదిలిందనీ, తరువాత అక్కడికి జీవులు మళ్లీ చేరలేకపోయాయనీ 2001లో విల్హెల్మ్స్, లార్టర్ తదితరులు వాదించారు. ఆ వాదన ప్రకారం, అటువంటి పొర నుంచి మీకు 40 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే బ్యాక్టీరియా దొరికితే, దాన్ని సొంతదారుగా కాక అతిథిగా అనుమానించాలి. కాబట్టి ఆ బేసిన్ (అవక్షేపాలు పేరుకున్న పల్లపు ప్రాంతం) పూడిక చరిత్ర తెలిసిన భూగర్భ శాస్త్రవేత్తను ముందే కలవండి.

ఉప్పు సంగతి కొంత సరళం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. చమురు పొరల నీటిలో అంతకన్నా చాలా తక్కువ ఉండవచ్చు, అనేక రెట్లు ఎక్కువా ఉండవచ్చు. 100 గ్రాములు దాటేకొద్దీ బతకగల జాతులు తగ్గిపోయి, హాలనేరోబియం వంటి ఉప్పును కోరే వాటికే చోటు మిగులుతుంది. వేడి, ఉప్పు రెండూ ఎక్కువగా ఉన్నచోట ఒకదాని కష్టాన్ని రెండోది పెంచుతుంది. ఒత్తిడి కిలోమీటరు లోతుకు దాదాపు 100 వాతావరణాల చొప్పున పెరిగినా, ఈ లోతుల్లో అది అంత పెద్ద అడ్డంకి కాదు.

ఇక బావి చరిత్ర. చమురును తోయడానికి పొరలోకి నీళ్లు ఎక్కించారా, ఎక్కిస్తే ఏ నీళ్లు, ఎప్పటి నుంచి? ఆమ్లంతో కడిగారా? తుప్పు నివారణ మందులు, సూక్ష్మజీవులను చంపే బయోసైడ్‌లు ఎప్పుడు పోశారు? చివరిసారి బావి మరమ్మతు ఎప్పుడు జరిగింది? వీటిలో సముద్రపు నీటిని ఎక్కించడం అన్నిటికన్నా ఎక్కువగా కథను మారుస్తుంది. ఆ నీటిలో లీటరుకు దాదాపు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది, అది పొరను చల్లబరుస్తుంది, తనతో పాటు తన జీవులనూ మోసుకెళ్తుంది. శుభ్రంగా ఉన్న క్షేత్రం కొన్నేళ్లలో కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌తో పులిసిపోవడానికి కారణం ఇదే. అక్కడ దొరికిన సల్ఫేట్ బ్యాక్టీరియా ఆ క్షేత్రపు యాజమాన్యానికి అత్యవసర సమస్య కావచ్చు గాని, లోతుల్లోని ప్రాచీన జీవానికి సాక్ష్యం కాదు.

1993లో కార్ల్ స్టెటర్ బృందం ఉత్తర సముద్రం కింద సుమారు 3,000 మీటర్ల లోతున్న పొరల నుంచి, అలాస్కా ఉత్తర వాలులోని పొరల నుంచి అత్యుష్ణ ఆర్కియాలను (బ్యాక్టీరియాలా కనిపించినా వేరే వర్గానికి చెందిన సూక్ష్మజీవులను) పెంచి చూపినప్పుడు, అవి సముద్రపు నీటితో చేరి ఉండవచ్చన్న అవకాశాన్ని వారే స్వయంగా ప్రస్తావించారు. గొప్ప ఫలితం చేతిలో ఉన్నప్పుడు కూడా ఆ వాక్యం రాయగలగడాన్ని నేను ఎంతో గౌరవిస్తాను.

ఏ బావి, ఏ పోలికలు

నీళ్లెప్పుడూ ఎక్కించని క్షేత్రం, చాలాకాలంగా ఆగకుండా పారుతున్న బావి, చమురుతో పాటు పొర నీళ్లు ధారాళంగా వచ్చే బావి, ఇటీవల మరమ్మతు గాని రసాయనాలు గాని తగలని బావి: ఈ నాలుగూ కుదిరితే అదృష్టమే. కుదరకపోతే మొదటి షరతును మాత్రం వదులుకోవద్దు. ఒకే పొర నుంచి తీసే రెండు మూడు బావులు దొరికితే మరీ మంచిది, ఎందుకంటే ఒక బావి గొట్టంలో స్థిరపడిన జీవి ఆ ఒక్క బావిలోనే ఉంటుంది, పొరలోని జీవి అన్నిటిలోనూ కనిపించాలి.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. పొర 85 డిగ్రీలున్నా, చమురూ నీళ్లూ పైకి వచ్చేసరికి గొట్టంలోనే చల్లారి, బావి తల దగ్గర 40 డిగ్రీలకు దిగవచ్చు. అంటే ఒక్క బావి గొట్టమే అడుగునుంచి పైదాకా రకరకాల జీవులకు ఇష్టమైన ఉష్ణోగ్రతలన్నీ సమకూర్చిన నివాసం. ఇనుము తుప్పు పట్టినప్పుడు వెలువడే హైడ్రోజన్ వాటికి ఆహారం. గొట్టం గోడకు పట్టిన జిగురు పొర నుంచి రాలిన కణాలు మీ సీసాలోకి పొర జీవుల కన్నా ఎక్కువగా రావచ్చు.

పోలిక నమూనాలు ప్రధాన నమూనాతో సమానమైన శ్రద్ధతో తీయాలి. ఎక్కించే నీళ్లు ఉంటే అవి, బావి మరమ్మతుకు వాడిన నీళ్లు, దొరికితే డ్రిల్లింగ్ మడ్ (బావి తవ్వేటప్పుడు వాడే బురద), ఆ ఆవరణలోని మట్టి, ట్యాంకు అడుగు నీళ్లు, మీరు తీసుకెళ్లిన శుద్ధజలాన్ని అదే చోట అదే విధంగా సీసాలోకి వంచి మూసిన ఖాళీ నమూనా: వీటన్నిటినీ చివరిదాకా ఒకే దారిలో నడిపించాలి. ఖాళీ నమూనా లేని పరిశోధనను నేనైతే చదవడం అక్కడితో ఆపేస్తాను.

రాతి కోర్ (పొర నుంచి స్తంభంలా కోసి తీసిన రాయి) దొరికే అరుదైన సందర్భంలో పద్ధతి వేరు. డ్రిల్లింగ్ మడ్‌లో పర్‌ఫ్లోరోకార్బన్ వంటి గుర్తు రసాయనాన్ని, బ్యాక్టీరియా పరిమాణంలో ఉండే మెరిసే పూసలను కలిపి, కోర్ లోపలి భాగంలోకి అవి ఎంత చేరాయో కొలుస్తారు. 2012లో జపాన్ ఓడ చిక్యూ షిమోకిటా ద్వీపకల్పం దగ్గర సముద్రగర్భం కింద 2,466 మీటర్ల వరకు తవ్వి బొగ్గు పొరలను చేరినప్పుడు ఇటువంటి జాగ్రత్తలు తీసుకున్నారు. కిలోమీటరున్నర దిగువన వారికి ఘన సెంటీమీటరుకు పది కణాల కన్నా తక్కువ నుంచి సుమారు పది వేల వరకే కనిపించాయి. డ్రిల్లింగ్ మడ్‌లో అదే పరిమాణంలో కోట్ల కణాలుండగలవు. ఒక్క చుక్క మడ్ ఇంకినా లెక్క మొత్తం తారుమారవుతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. కోర్ పై పెంకును శుద్ధమైన ఉలితో చెక్కి పారేసి, నడిమి గుజ్జునే వాడాలి.

నమూనా పట్టడం

భద్రత గురించి ఒక్క మాట, దాన్ని తేలికగా తీసుకోవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద) స్థాయి ప్రాణానికి తక్షణ ప్రమాదంగా లెక్క, దాదాపు ఆ స్థాయిలోనే ముక్కు వాసన పసిగట్టే శక్తిని కోల్పోతుంది. వాసన ఆగిపోవడం వాయువు పోయిందనడానికి గుర్తు కాదు. ఒంటికి తగిలించుకునే వాయు మాపకం లేకుండా, క్షేత్ర సిబ్బంది అనుమతీ తోడూ లేకుండా, గాలి వీచే దిశ చూసుకోకుండా బావి తల దగ్గరకు వెళ్లకూడదు. వాల్వును తిప్పే పని సిబ్బందిదే. మీ పని సీసా పట్టడం.

చమురును, నీటిని, వాయువును విడదీసే సెపరేటర్ దాటిన తరువాతి నీటిని తీసుకోకండి. అక్కడ అనేక బావుల నీళ్లు కలుస్తాయి, నిల్వ ఉంటాయి, మందులు పడతాయి. బావి తల దగ్గరి నమూనా కుళాయి నుంచే పట్టాలి. కుళాయి నోటిని ఆల్కహాల్‌తో తుడిచి, గొట్టంలో నిలిచిన ద్రవం అంతా పోయేవరకు, ఆ తరువాత మరికొంతసేపు, ధారను వ్యర్థాల డ్రమ్ములోకి వదలాలి. వదిలిన ద్రవం ఉష్ణోగ్రత పెరిగి ఒకచోట నిలకడగా నిలిచిందంటే లోపలి నుంచి తాజా ద్రవం వస్తున్నట్టు. అప్పుడు ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసిన, ముందే నైట్రోజన్ నింపిన గాజు సీసాలోకి గాలి చొరబడకుండా అంచుదాకా నింపి, బ్యూటైల్ రబ్బరు బిరడాతో మూయాలి. లోతుల్లోని జీవులలో ఎక్కువ భాగానికి ఆక్సిజన్ విషం. మామూలు రబ్బరు బిరడాలు ఆక్సిజన్‌ను మెల్లగా లోపలికి రానిస్తాయి కనుక ఈ ఒక్క విషయంలో ఖర్చుకు వెనకాడకూడదు.

ఒత్తిడి తగ్గకుండా పొర అడుగునే ద్రవాన్ని పట్టి మూసే పరికరాలున్నాయి. గొట్టపు గోడ సమస్య నుంచి అవి చాలావరకు తప్పిస్తాయి గాని, వాటిని దించాలంటే బావిని ఆపాలి, ఖర్చు ఎక్కువ. ఆ క్షేత్రంలో ఇంజినీర్లు తమ అవసరానికి ఎప్పుడైనా దించుతుంటే, మీకూ కొంత ద్రవం ఇవ్వమని ముందుగానే అడిగి పెట్టుకోవడం మంచిది.

మరొక మాట: నీళ్లు వేరుచేసుకున్నాక చమురును పారబోయవద్దు. జీవులకు నీళ్లు కావాలి కనుక చమురూ నీరూ కలిసే హద్దు దగ్గరే వాటి పని సాగుతుందని భావిస్తాం, అది చాలావరకు నిజమే. అయితే 2014లో రైనర్ మెకెన్‌స్టాక్ బృందం ట్రినిడాడ్‌లోని పిచ్ లేక్ తారులో చిక్కుకున్న ఒకటి నుంచి మూడు మైక్రోలీటర్ల నీటి బిందువుల్లో సజీవమైన సూక్ష్మజీవుల సమాజాలను చూపింది. చమురు లోపల కూడా ఇళ్లున్నాయన్న మాట.

అక్కడికక్కడే పంపకం

సీసా నిండిన క్షణం నుంచే నమూనా మారిపోవడం మొదలవుతుంది. అందుకే క్షేత్రంలోనే వాటాలు వేయాలి. సల్ఫైడ్ కొలవవలసిన వాటాలో వెంటనే జింక్ అసిటేట్ వేస్తే అది జింక్ సల్ఫైడ్‌గా స్థిరపడుతుంది, లేకపోతే వాయువుగా పోతుంది. కణాలు లెక్కించవలసిన వాటాకు ఫార్మాల్డిహైడ్ కలపాలి. డీఎన్‌ఏ కోసం ఒకటి రెండు లీటర్లు, వీలైతే ఇంకా ఎక్కువ, 0.22 మైక్రోమీటర్ల వడపోత పొర గుండా పంపి, ఆ పొరను పొడి మంచు మీద ఉంచి తీసుకురావాలి. చమురు జిడ్డుతో వడపోత పొర త్వరగా మూసుకుపోతుంది గనుక ముందు నీటిని కదపకుండా నిలబెట్టి, అడుగు నుంచి తీసుకోవాలి. సేంద్రియ ఆమ్లాల కోసం, చమురు జీర్ణమైనప్పుడు పుట్టే పదార్థాల కోసం మరొక వాటా. గాజు సీసాలో అంచుదాకా నింపిన చమురు ఒకటి.

పెంచవలసిన వాటాను మాత్రం గడ్డకట్టించకూడదు. వెలుతురు తగలకుండా, గాలి చొరకుండా ప్రయోగశాలకు చేర్చి, ఒకటి రెండు రోజుల్లోనే మాధ్యమంలోకి (జీవులను పెంచే పోషక ద్రవంలోకి) ఎక్కించాలి.

పెంచి చూడడం

ప్రయోగశాలల్లో ఎక్కువగా జరిగే పొరపాటు, ఏ పుస్తకంలోనో ఉన్న మాధ్యమాన్ని అలాగే తయారుచేసి 37 డిగ్రీల పెట్టెలో పెట్టడం. అలా చేస్తే మనిషి ఒంటికి అలవాటుపడిన జీవులకు ఆహ్వానం పంపినట్టే. మాధ్యమంలో ఉప్పు పొర నీటిలో ఉన్నంతే ఉండాలి. ఉష్ణోగ్రత పొరదే ఉండాలి, దానితో పాటు ఒకటి 20 డిగ్రీలు తక్కువలోనూ ఒకటి 15 డిగ్రీలు ఎక్కువలోనూ పెట్టాలి. ఇది సులభమైనదే గాని చాలా శక్తిమంతమైన పరీక్ష: 70 డిగ్రీల పొర నుంచి వచ్చిన జీవి 70 దగ్గర చురుకుగా పెరిగి 35 దగ్గర నిద్రపోతే, అది గొట్టం పైభాగంలో కాపురం పెట్టినది కాదని చెప్పడానికి బలమైన ఆధారం దొరికినట్టు. 35లో విజృంభించి 70లో చచ్చిపోయినది, సీసాలో ఎంత సమృద్ధిగా ఉన్నా, ఆ పొరకు చెందదు. ఫ్రాన్స్‌లోని తూర్పు పారిస్ బేసిన్‌లో 1995లో ల్హారిడాన్ బృందం ఖండాంతర్భాగపు చమురు పొరలో ఉష్ణప్రియ జీవులు స్థానికమైనవని వాదించినప్పుడు, సముద్రపు నీరు తగలని క్షేత్రం, పొర పరిస్థితులకు సరిపోయే పెరుగుదల అనే ఈ రెండు ఆధారాలే వారికి అండగా నిలిచాయి.

మాధ్యమంలో కొద్దిగా రెసజూరిన్ రంగు వేస్తే ఆక్సిజన్ చొరబడినప్పుడు గులాబీ రంగు కనిపిస్తుంది. గులాబీ తిరిగిన సీసాను దయచూపకుండా పక్కన పెట్టేయాలి.

ఆహారం విషయంలో రెండు దారులున్నాయి. లాక్టేట్, ఈస్ట్ సారం వంటి రుచికరమైన ఆహారం వేస్తే వారంలో నీరు మబ్బు పట్టి సంతోషం కలుగుతుంది, కానీ అది తేలికగా పెరిగే వాటి సంతోషమే. చమురు మీద నిజంగా బతికేవి కావాలంటే చమురునో, హెక్సాడెకేన్ (పదహారు కార్బన్ల తిన్నని గొలుసు), టోలీన్ వంటి చమురు భాగాలనో మాత్రమే ఆహారంగా పెట్టి, నెలల తరబడి, అవసరమైతే ఏడాది దాటి ఎదురుచూడాలి. ఆక్సిజన్ లేకుండా హైడ్రోకార్బన్లు జీర్ణం కావని చాలాకాలం నమ్మారు. 1991లో ఫ్రీడ్రిష్ విడ్డెల్ బృందం సల్ఫేట్‌తో హెక్సాడెకేన్‌ను ఆక్సీకరించే బ్యాక్టీరియాను వేరుచేసింది. 1999లో జెంగ్లర్, విడ్డెల్ తదితరులు సల్ఫేట్ కూడా లేకుండా హెక్సాడెకేన్ మీథేన్‌గా మారడాన్ని చూపారు. ఆ రెండు పనుల వెనకా ఉన్నది ఓపికే.

ఇక్కడ ఒక లెక్క చేతిలో ఉండాలి. నాలుగు హెక్సాడెకేన్ అణువులు ముప్పై నీటి అణువులతో కలిసి 49 మీథేన్, 15 కార్బన్ డయాక్సైడ్ అణువులనిస్తాయి. దాని ప్రకారం ఒక మిల్లీలీటరు హెక్సాడెకేన్ పూర్తిగా జీర్ణమైతే, గది ఉష్ణోగ్రతలో సుమారు ఒక లీటరు మీథేన్ పుడుతుంది. కాబట్టి 100 మిల్లీలీటర్ల సీసాలో 20 మైక్రోలీటర్లకు మించి వేయనక్కరలేదు. దాని నుంచి రావలసిన 20 మిల్లీలీటర్ల వాయువును గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) స్పష్టంగా పట్టుకుంటుంది, సీసా పగిలే భయమూ ఉండదు. ప్రతి సీసాకు జంటగా చమురు లేని సీసా ఒకటి, జీవులను చంపి చమురు వేసిన సీసా ఒకటి నడవాలి. చమురు లేని సీసాలో కూడా, పాత సేంద్రియ పదార్థాన్ని తిని, కొంత మీథేన్ పుడుతుంది. దాన్ని తీసివేయగా మిగిలినదే మీ ఫలితం. ఆ మిగులు పైన చెప్పిన లెక్కకు చేరువగా ఉంటే హెక్సాడెకేనే ఆహారమైందని ధైర్యంగా చెప్పవచ్చు.

డీఎన్‌ఏ చెప్పేది, చెప్పనిది

జీవులు తక్కువగా ఉన్న నమూనాలో డీఎన్‌ఏ తీసే కిట్ల ద్రావణాల్లో ఉన్న డీఎన్‌ఏయే ముందు పలుకుతుంది. 2014లో సాల్టర్ తదితరులు దీన్ని విపులంగా చూపాక, ఖాళీ నమూనాను కూడా క్రమం చదివించని పనికి విలువ తగ్గింది. ఫలితాల జాబితాలో రాల్‌స్టోనియా, బ్రాడీరైజోబియం, మన చర్మం మీద ఉండే క్యూటిబ్యాక్టీరియం పైవరుసలో కనిపిస్తే ఉత్సాహపడకండి. థెర్మోటోగా వంశపు పెట్రోటోగా, కోస్మోటోగా, ఆర్కియాలలో థెర్మోకోకస్, మీథనోథెర్మోబ్యాక్టర్, ఆర్కియోగ్లోబస్ వంటివి వేడి చమురు పొరల్లో పదే పదే దొరికిన పేర్లు. అయితే పేరే రుజువు కాదు. ఆర్కియోగ్లోబస్ సముద్రగర్భపు వేడి నీటి బుగ్గల్లోనూ ఉంటుంది. పేర్ల కన్నా పనిముట్లను వెతకడం మేలు. ఆల్కేన్లను (హెక్సాడెకేన్ వంటి కార్బన్ గొలుసులను) ఫ్యూమరేట్‌తో కలిపి జీర్ణానికి సిద్ధం చేసే ఎంజైము జన్యువు, టోలీన్‌కు అదే పని చేసే జన్యువు, మీథేన్ పుట్టించే చివరి మెట్టు జన్యువు, ఈ మూడూ నమూనాలో ఉండి పోలిక నమూనాల్లో లేకపోవడం గట్టి సూచన.

హెక్సాడెకేన్ నుంచి మీథేన్ దాకా పని రెండు మూడు జాతులు పంచుకుని చేస్తాయన్నది చాలాకాలం ఉన్న అవగాహన: ఒకటి గొలుసును విరిచి అసిటేట్, హైడ్రోజన్ ఇస్తుంది, మరొకటి వాటిని మీథేన్ చేస్తుంది. చైనాలోని షెంగ్లీ క్షేత్రపు నమూనాల నుంచి పెంచిన మీథనోలిపారం అనే ఆర్కియా ఒక్కటే ఈ మొత్తం పని చేయగలదని ఇటీవలి పరిశోధన చూపింది. కనుక భాగస్వామి బ్యాక్టీరియా కనిపించలేదని నమూనాను కొట్టిపారేయకూడదు.

చమురును సాక్షిగా పిలవడం

నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన సాక్షి చమురే. సీసాలోకి బ్యాక్టీరియా ఒక్క క్షణంలో పడుతుంది, కానీ పొరంతటి చమురు రసాయనం మారాలంటే లక్షల ఏళ్లు కావాలి. కెనడాలోని అతబాస్కా, వెనిజులాలోని ఒరినోకో ప్రాంతాల్లో తారులా చిక్కబడిన బరువైన చమురు సూక్ష్మజీవులు తినగా మిగిలినదే. అంతటి చిక్కదనాన్ని ఏ సీసా కాలుష్యమూ సృష్టించలేదు.

జీవులకు వరుస రుచులుంటాయి. ముందు తిన్నని గొలుసుల ఆల్కేన్లు పోతాయి, తరువాత కొమ్మలున్న ప్రిస్టేన్, ఫైటేన్ వంటివి, చాలా ఆలస్యంగా వలయాల నిర్మాణమున్న స్టెరేన్లు, హోపేన్లు. అందుకే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ గీతలో పదిహేడు కార్బన్ల తిన్నని ఆల్కేన్ శిఖరాన్ని పక్కనే ఉన్న ప్రిస్టేన్‌తోనూ, పద్దెనిమిది కార్బన్లదాన్ని ఫైటేన్‌తోనూ పోల్చాలి. రెండూ దాదాపు ఒకే వేడిమి దగ్గర ఆవిరవుతాయి కనుక, నమూనా సీసాలో ఆవిరి నష్టం జరిగినా ఈ నిష్పత్తి పెద్దగా చెదరదు. జీవి తింటేనే చెదురుతుంది. అయితే చమురు పుట్టిన రాయిని బట్టి, అది పండిన తీరును బట్టి కూడా ఇది మారుతుంది గనుక, అదే మూలశిల నుంచి వచ్చి చెడిపోని చమురుతోనే పోల్చాలి. శిఖరాలన్నీ అణిగి కింద ఒక మూపురం మిగిలితే జీర్ణం బాగా ముదిరిందని అర్థం. కెన్నెత్ పీటర్స్, మైఖేల్ మోల్డొవన్ సున్నా నుంచి పది వరకు ఇచ్చిన కొలమానంలో మీ చమురుకు ఒక స్థానం వేయండి.

ఒకే చమురులో హోపేన్లు కూడా దెబ్బతిన్న గుర్తుగా 25-నార్‌హోపేన్లు, వాటితో పాటు చెక్కుచెదరని తిన్నని ఆల్కేన్లు కలిసి కనిపిస్తే కంగారుపడవద్దు. జీవులు తిన్న పాత చమురు మీదికి తరువాత కొత్త చమురు వచ్చి చేరిందని అర్థం. డీజిల్ కలిపిన డ్రిల్లింగ్ మడ్ కూడా ఇటువంటి భ్రమే కలిగిస్తుంది, కానీ డీజిల్ ఆల్కేన్లు ఇరుకైన పరిధిలోనే గుంపుగా ఉంటాయి.

పాత విందుకూ నేటి విందుకూ తేడా తెలియాలంటే నీటిని అడగాలి. ఆక్సిజన్ లేని చోట టోలీన్‌ను జీవులు మొదట బెంజైల్ సక్సినేట్‌గా మారుస్తాయి. జీవం లేకుండా అది పొరలో తయారయ్యే దారి తెలియదు, ఎక్కువకాలం నిలిచి ఉండదు. ఆల్కైల్ సక్సినేట్లు, క్షయకరణం చెందిన నాఫ్తోయిక్ ఆమ్లాలు కూడా ఈ కోవవే. పొర నీటిలో ఇవి కనిపిస్తే అక్కడ పని ఇంకా సాగుతోందనడానికి ఇంతకన్నా దగ్గరి ఆధారం లేదు.

వాయువు కూడా మాట్లాడుతుంది. కార్బన్-13 విలువ (బరువైన కార్బన్ పాలు ప్రామాణికం కన్నా వెయ్యికి ఎంత తేడాగా ఉందో చెప్పే కొలత) మైనస్ 60 పర్ మిల్ కన్నా కిందికి ఉన్న మీథేన్‌ను సాధారణంగా సూక్ష్మజీవుల సృష్టిగా తీసుకుంటారు. 2006లో జాయిడిస్ రిజల్యూషన్ ఓడ మన కృష్ణా–గోదావరి బేసిన్‌లో 128 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్ (మంచులాంటి గడ్డలో చిక్కిన వాయువు) ఉన్న పొరను తవ్వినప్పుడు, అందులోని మీథేన్ ప్రధానంగా సూక్ష్మజీవులదేనని ఈ తరహా కొలతలే చెప్పాయి. చమురు జీర్ణమై పుట్టిన మీథేన్ విషయంలో మాత్రం ఈ ఒక్క హద్దు చాలదు, అది వేడికి పుట్టిన వాయువు విలువలకు దగ్గరగా జరగవచ్చు. అప్పుడు తోడు గుర్తులు చూడాలి: కార్బన్ డయాక్సైడ్ విలువ సున్నా దాటి పైకి పోవడం, ప్రొపేన్ తక్కువై, మిగిలిన ప్రొపేన్ కార్బన్ బరువెక్కడం.

తీర్పు రాయడం

నివేదికలో «పొర జీవి», «లోతుల జీవం» అన్న మాటలను సులభంగా వాడకండి. బావికి నీళ్లెక్కించిన చరిత్ర లేదు, ఒకటికి మించిన బావుల్లో కనిపించింది, ఖాళీ నమూనాలోనూ పోలిక నీటిలోనూ లేదు, పొర ఉష్ణోగ్రతకు, ఉప్పుకు సరిపోయేలా పెరిగింది, చమురు గాని నీరు గాని రసాయనంగా దానిని సమర్థించింది: ఈ ఐదూ కుదిరితే «స్థానికమైనదని భావించడానికి బలమైన ఆధారముంది» అని రాయవచ్చు. మూడే కుదిరితే ఏవి కుదరలేదో పేరుపెట్టి రాసి, «స్థానికమై ఉండవచ్చు» అనాలి. చమురు బాగా జీర్ణమై ఉండి, పెంచిన జీవులేవీ పొర వేడికి తట్టుకోకపోతే, చమురును తిన్నవి వేరు, మీ సీసాలోనివి వేరు అని వేర్వేరు వాక్యాల్లో రాయాలి. ఈ రెంటినీ ఒక వాక్యంలో కలిపేయడం వల్లనే ఎన్నో తప్పుడు నిర్ణయాలు పుట్టాయి. ఏమీ పెరగకపోతే దాన్ని కూడా ఎన్ని సీసాలు, ఎన్ని నెలలు, ఏ ఉష్ణోగ్రతల్లో ఉంచారో చెప్పి నమోదు చేయండి.

ఈ నిర్ణయం క్షేత్రంలో వెంటనే పనికొస్తుంది. సల్ఫైడ్ పుట్టించే జీవి ఎక్కించిన నీటితో వచ్చినదైతే ఆ నీటికి చికిత్స చేయాలి, సల్ఫేట్ తగ్గించాలి, లేదా నైట్రేట్ కలిపి వేరే జీవులకు అవకాశమివ్వాలి. అది పొరదే అయితే లెక్క వేరు. సూక్ష్మజీవులతోనే చమురు దిగుబడి పెంచాలనుకునే వారికి కూడా, పొరలో ముందే ఎవరు బతుకుతున్నారో తెలియకపోతే పైనుంచి పోసిన జాతి నిలుస్తుందో లేదో ఊహించడం అసాధ్యం. మన దేశంలో ఓఎన్‌జీసీ, టెరి (శక్తి, వనరుల పరిశోధన సంస్థ) కలిసి ఉష్ణప్రియ బ్యాక్టీరియాతో చేసిన ప్రయత్నాల్లో పొర ఉష్ణోగ్రతకు తట్టుకునే జాతులనే ఎంచుకోవడం ఈ కారణంగానే.

చివరగా, ప్రతి బావి నుంచి తెచ్చిన సీసాలలో ఒకదాన్ని తెరవకుండా, గాలి చొరని స్థితిలో, తేదీ, బావి సంఖ్య, కుళాయి దగ్గరి ఉష్ణోగ్రత రాసిన చీటీతో దాచి ఉంచండి. ఆరు నెలల తరువాత అదే కుళాయి నుంచి మళ్లీ పట్టి, రెండు నమూనాల జాబితాలనూ పక్కపక్కన పెట్టండి. రెండింటిలోనూ మిగిలిన పేర్ల మీద మాత్రమే తదుపరి పని మొదలుపెట్టండి.